ప్రభువుల సభలో చెన్నరాజధాని రైతు

పరదేశపు చట్టసభలో పరదేశపు ప్రభువొకడు మన రైతును గూర్చి పలికిన పలుకులను, స్వరాజ్యము వచ్చిన ఇన్ని యేండ్లకు జ్ఞప్తికి దెచ్చుకొనుట యెందులకని పాఠకులలో కొంద రడుగవచ్చును. మేలు చేసినవానిని తలచుట దాస్యము కాదని మా మొదటి సమాధానము. ఆ పలుకుల వెనుక నున్నవి మనవారి కష్టము, మనవారి సాహసము, మనవారి వ్రాతయే యని మా రెండవ సమాధానము. ఈ రెండవదానిని విశదపరచుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

1856వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన లండను నగరమున ప్రభువుల సభలో ఆల్బెమార్లు ప్రభువు లేచి, చెన్నరాజధాని ప్రజల అర్జీ నొకదానిని సభ ముందుంచెను. శిస్తు రాబట్టుటకును, నేరము నొప్పించుటకును ఆ రాజధానిలో ప్రజల శరీరములను హింసించుచున్నారనుట అందలి ఫిర్యాదు. అర్జీని సమర్పించి కూర్చుండుటతో ఆయన తృప్తిపడలేదు. అట్టి హింసయెడల సభ తన యసహ్యమును ప్రకటింపవలెనని తీర్మానమును ప్రతిపాదించి వాదించెను.

ఈ సంగతి ఐనవిల్లి రైతునకు దూరపుది కాదు. నేడు ఐనవిల్లి కోనసీమ జిల్లాలోని మండలకేంద్రము; ఆ జిల్లా యేర్పడినది 2022లో. ఆనాడో, ఈ సీమ యంతయు చెన్నరాజధానిలోని రాజమహేంద్రవరము జిల్లాలో చేరియుండెను. గోదావరి జిల్లా యను పేరైనను 1859 వరకు పుట్టలేదు. చెన్నపట్టణపు సర్కారు విధించిన శిస్తే గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న ఈ పల్లెలకును శిస్తు. చెన్నపట్టణమునుండి పోయిన అర్జీ ఈ పల్లెల పక్షమునను పోయినట్టిదే.

అర్జీ పుట్టిన విధము

1852వ సంవత్సరము గోదావరి డెల్టాకు మరపురానిది. కాటను దొర 1847లో మొదలిడిన ధవళేశ్వరపు ఆనకట్ట ఆ యేడే పూర్తియైనది. ఆ యేడే చెన్నపట్టణమున మరియొక కట్టడమునకు పునాది పడినది. అది రాతికట్టడము కాదు. గాజుల లక్ష్మీనరసు చెట్టి యను తెలుగు వర్తకుడు, మరికొందరు పెద్దలతో గూడి, చెన్నపట్టణ స్వదేశి సంఘమును స్థాపించెను. కాంగ్రెసు పుట్టుటకు ముప్పది మూడేండ్లకు పూర్వపు మాట ఇది.

లక్ష్మీనరసు చెట్టి 1806లో జన్మించెను. వ్యాపారమున ధనము గడించి, ఆ ధనమును ప్రజాకార్యమునకు వినియోగించెను. 1844లో 'క్రెసెంటు' పత్రికను నెలకొల్పి నడపెను. పత్రికా వ్యాసంగమున నున్న మాకు ఆయన పూర్వికుడని చెప్పుకొనుట గర్వకారణము. దక్షిణ దేశమున సర్కారు ధోరణిని ప్రశ్నించిన స్వదేశీయుల పత్రికలలో ఆయనది మొదటి వరుసలోనిది. ఈస్టిండియా కంపెనీ అధికారపత్రమును పార్లమెంటు 1853లో మరల పరిశీలింపవలసియుండెను. ఆ సమయమును గుర్తెరిగి, సంఘమువారు భూమిశిస్తు భారమును, న్యాయస్థానముల జాప్యమును, వసూలులో జరుగు హింసను వివరించుచు పార్లమెంటునకు అర్జీ పంపిరి.

అర్జీ పంపి ఆయన యూరకుండలేదు. ఇండియా సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడై, కామన్సు సభలో సభ్యుడైన డాన్బీ సీమూరు 1853లో మన దేశమునకు వచ్చినపుడు, లక్ష్మీనరసు చెట్టి ఆయనను వెంటబెట్టుకొని పల్లెలు త్రిప్పి రైతుల స్థితిని కన్నులార చూపించెను. కాగితముమీద చదివినదానికిని కంట చూచినదానికిని ఎంత భేదమున్నదో అనుభవజ్ఞు లెరుగుదురు. 1854 జూలైలో చెన్నరాజధాని భూమిశిస్తుపై కామన్సు సభలో చర్చ వచ్చినపుడు, సీమూరు తాను విన్నదియు కన్నదియు నిర్భయముగా చెప్పెను. కంపెనీ కొలువుచేసి పోయినవారికి ఆ మాట రుచింపలేదు. ఇట్టిది మేమెన్నడును వినలేదని త్రోసిపుచ్చజూచిరి. కాని మాట సభలో పడినది. పడిన మాటను ఎత్తి పారవేయుట సాధ్యము కాకపోయెను. విచారణ జరుపుడని చెన్నపట్టణపు సర్కారునకు ఉత్తరువు వచ్చెను.

విచారణ సంఘము కన్నది

1854 సెప్టెంబరులో విచారణ సంఘ మేర్పడినది. ఎలియట్, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అనువారు మువ్వురు అందు సభ్యులు. మువ్వురును ఇంగ్లీషువారే. హింస ననుభవించిన జాతివాడొక్కడును అందు లేడు. అయినను ప్రకటన వెలువడినంతనే జనులు కదలిరి. వందల మైళ్లు నడచి చెన్నపట్టణమునకు వచ్చి సంఘము నెదుట నిలిచినవారు 519 మంది. రాలేనివారు వ్రాసి పంపిన ఉత్తరములు 1,440. మొత్తము 1,959 ఫిర్యాదులు. రైలు లేని కాలమున, పల్లెపల్లెకు బడి లేని కాలమున, ఫిర్యాదు చేసి తిరిగివచ్చి ఆ తహసీలుదారు చేతిక్రిందనే బ్రదుకవలసిన కాలమున వచ్చిన లెక్క యిది. పాఠకులు దీనిని ఒకటికి రెండుమార్లు చదువవలెనని మా ప్రార్థన.

1855లో వెలువడిన సంఘ నివేదికలో హింసల వర్ణన కలదు. అన్నిటిని ఇచ్చట వ్రాయుటకు మా కలము వెనుదీయుచున్నది. రెండింటిని మాత్రము చెప్పెదము. మొదటిది కిట్టి. నిమ్మపండు పిండు సాధనము వంటి రెండు కొయ్యల నడుమ వ్రేళ్లను గాని, తొడలను గాని, చెవులను గాని ఇరికించి నొక్కుదురు. స్త్రీలను సయితము విడువలేదని నివేదిక చెప్పుచున్నది. రెండవది మనిషిని వంచి, అతని కండువతో గాని నారత్రాటితో గాని మెడను కాలివ్రేళ్లకు బిగించి, ఎండలో నిలుపుట. ఈ రెండింటికిని తెలుగు నాట వాడుకలోనున్న పేర్లను గూడ సంఘమువారు నమోదు చేసిరి. హింస యొకదానికి దేశభాషలో పేరు స్థిరపడినదనగా, అది ఒకనాటి కోపమున ఒక నౌకరు చేసిన దౌర్జన్యము కాదని గ్రహింపవలెను. అది పనిముట్టు వలె వాడుకలోనికి వచ్చినది. నాగలికి పేరున్నట్లు, కొడవలికి పేరున్నట్లు, దానికిని పేరు వచ్చినది.

హింస కలదని తేలుటకంటెను తమకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి మరియొకటి కలదని సంఘమువారు వ్రాసిరి. హింసపడినవానికి న్యాయము దొరకుట దుర్లభమై యుండుటయే అది. కారణములను వారు విప్పి చెప్పిరి. కలెక్టరు నెదుట స్వయముగా మొరపెట్టవలెనన్న దూరప్రయాణము చేయవలెను. వ్యయమునకును కాలనష్టమునకును ఓర్చుకొనవలెను. ఉత్తరము వ్రాసినచో, తహసీలుదారునకు పంపడమైనదని దానిపై రెండక్షరములు వ్రాసి త్రిప్పి పంపుదురు. తహసీలుదారో, శిస్తు వసూలుచేయు నుద్యోగియు అతడే, పోలీసు అధికారియు అతడే. ఎవనిమీద ఫిర్యాదో వాని చేతికే ఫిర్యాదు చేరును. నేరము రుజువైనను, కలెక్టరు తన మేజిస్ట్రేటు హోదాలో విధింపగల శిక్ష ఏబది రూపాయల జుల్మానా గాని, ఒక నెల ఖైదు గాని మాత్రమే. కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో చెప్పుకొనవలెను?

ఐనవిల్లి కాపు ఒకడు ఆనాడు కలెక్టరును చూడగోరెనని యూహింతము. పడవపై గౌతమిని దాటవలెను. వరద కాలమైనచో దాటుట ప్రాణగండము. రాజమహేంద్రవరము చేరి కచేరీ వాకిట దినములు గడుపవలెను. ఇంటివద్ద ఊడ్పులో కోతలో నిలిచిపోవును. ఇంత చేసి తెచ్చుకొనునది తహసీలుదారు పేర వ్రాసిన రెండక్షరములు. ఇట్టి స్థితిలో చెన్నపట్టణమువరకు నడచిన ఆ 519 మందిని మనము వీరులని పిలువక మరేమని పిలువగలము?

ప్రభువు పలికినది, పలుకనిది

ఇక ఆల్బెమార్లు ప్రభువు మాట. ఆయన పేరు జార్జి థామస్ కెప్పెలు. 1799లో పుట్టి, పదునారేండ్లు నిండిన దినములలోనే వాటర్లూ యుద్ధమున పోరాడెను. తరువాత మన దేశమునకు వచ్చి గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు కొలువున సైనికోద్యోగిగా నుండి, 1824లో పారశీక దేశము మీదుగా స్వదేశమునకు మరలి, ఆ ప్రయాణమును గూర్చి గ్రంథము వ్రాసెను. 1851లో అన్న మరణింపగా ఎర్లు పదవి ఆయనకు సంక్రమించి, దానితో ప్రభువుల సభలో పీఠము లభించెను. తొంబదియొక్క యేండ్లు జీవించి 1891లో కాలధర్మము నొందెను. ఆయనను ఆ సభకు ఎన్నుకొన్నవారు లేరు. ఆయన ఎవరికిని జవాబుదారి కాడు. చెన్నరాజధాని రైతు పక్షమున మాటాడినందున ఆయనకు కలుగు లాభమును లేదు. అయినను మాటాడెను. ఈ ఔదార్యమును తక్కువచేసి చెప్పుట మా యుద్దేశము కాదు.

ఆయన వాదమునకు బలమెక్కడినుండి వచ్చినదో గమనింపుడు. రెండేండ్లకు పూర్వము కామన్సు సభలో ఈ ప్రసంగము వచ్చినపుడు, ఔనన్నవాని మాట యొకటి, కాదన్నవాని మాట యొకటి. 1856 నాటికి కాదను వీలు లేకపోయెను. సర్కారే నియమించిన సంఘము, సర్కారు ఖర్చుతో అచ్చువేయించిన నివేదికలో, ఔనని వ్రాసియుండెను. ఆల్బెమార్లు తన వాక్చాతుర్యముమీద ఆధారపడనక్కరలేకపోయెను. 1,959 ఫిర్యాదులు ఆయన చేతిలో నుండెను. వక్త ఇంగ్లీషు ప్రభువు. సాక్షి మన రైతు.

అయితే ఆ సభలో పలుకరాని మాట కూడ నొకటి కలదు. హింసచేసినవారు స్వదేశీయులైన చిన్న యుద్యోగులేయనియు, ఐరోపా యుద్యోగులు దాని నెరిగి సహించిరనుటకు సాక్ష్యము లేదనియు, ప్రజల మొర తమ జాతివారి క్రూరత్వమునుండి రక్షింపుడనియే గాని దొరల నిర్దయనుండి యని కాదనియు సంఘమువారు వ్రాసిరి. కిట్టి పట్టినవాడు మనవాడే యనుట నిజము. ఆ సిగ్గు మనదే. దానిని దాచము. కాని కిట్టి పట్టించిన శిస్తు ఎవరిది? పంట పండినను ఎండినను ఇంత సొమ్ము చేర్చవలెనని తాకీదు పంపినవా రెవరు? లోటు వచ్చినచో తహసీలుదారు కొలువునకు ముప్పు తెచ్చువారెవరు? చేయి మనవానిదే, ఆ చేతిని ఆడించిన లెక్క కంపెనీది. తన సభ్యులలో పెక్కుమందికి కంపెనీ పాలనతో చుట్టరికమున్న సభ ఈ ప్రశ్నను తుదివరకు అడుగుట కష్టము. పరుల సభ కన్నీరు కార్చగలదు గాని తన ఖాతాను తాను కొట్టివేయజాలదు. ఆల్బెమార్లు వంటి సజ్జనుడున్నను ఆ సభకున్న హద్దు అదియే.

1857 సెప్టెంబరులో, ఉత్తరదేశమున తిరుగుబాటు సాగుచున్న వేళ, కార్లు మార్క్సు న్యూయార్కు డైలీ ట్రిబ్యూను పత్రికలో వ్రాసిన వ్యాసమునకు ఈ నివేదికయే ఆధారము. సిపాయిల క్రూరత్వమును గూర్చి ఇంగ్లీషు పత్రికలు ఎలుగెత్తుచుండగా, పన్నుకై మీరు చేయించిన హింసల మాట ఏమని ఆయన ప్రశ్నించెను. చెన్నపట్టణమున వినబడిన పల్లెవాని మొర ఆ విధముగా అట్లాంటికు సముద్రమును గూడ దాటినది.

ఫలితములు

ఆ చర్చవలన వెంటనే అద్భుతములు జరిగినవని మేము చెప్పము. కాని ఫలితములు లేకపోలేదు. శిస్తును పోలీసును వేరుచేయవలెనను సలహా కార్యరూపము దాల్చినది. 1859వ సంవత్సరపు 24వ చట్టముచే చెన్నరాజధానిలో ప్రత్యేకమైన పోలీసు శాఖ యేర్పడినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 330వ సెక్షనున బలవంతముగా ఒప్పించుటకై హింసించుట నేరమని చెప్పి, అందుకు ఉదాహరణములిచ్చినది. శిస్తు బకాయి చెల్లించుమని శిస్తు ఉద్యోగి ఒకనిని హింసించుట అందొకటి. కౌలు చెల్లించుమని జమీందారు రైతును హింసించుట మరియొకటి. న్యాయవాదులు పరీక్షకై వల్లెవేయు ఈ ఉదాహరణములు ఊహాకల్పితములు కావు. ఆ కాలపు పల్లెలో ప్రతివాడెరిగిన సంగతులు. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. అందును అది నేరముగనే నిలిచియున్నది.

లక్ష్మీనరసు చెట్టిని 1863లో చెన్నపట్టణపు శాసనసభకు సభ్యునిగా నియమించిరి. అయిదేండ్లకు, 1868లో, ఆయన పరమపదించెను.

మన సభ, మన బాధ్యత

నేడు మన మొర వినుటకు సముద్రము దాటనక్కరలేదు. కోనసీమకు ఈ విషయమున ప్రత్యేకమైన గౌరవము కలదు. ఎదుర్లంక గ్రామమున 1951లో దళిత కుటుంబమున జన్మించిన జి. ఎం. సి. బాలయోగి, అమలాపురమునుండి లోక్‌సభకు ఎన్నికై, 1998 మార్చి 24వ తేదీన ఆ సభకు అధ్యక్షుడైన స్పీకరు పీఠము నెక్కెను. దళితులలో ఆ పీఠము నెక్కినవారిలో ఆయనయే ప్రథముడు. 1999 ఏప్రిల్ 17న ఒక్క యోటు తేడాతో కేంద్ర ప్రభుత్వము పడిపోయిన నాడు సభను నడపినది ఆయనయే. 2002 మార్చి 3వ తేదీన కైకలూరు సమీపమున హెలికాప్టరు ప్రమాదమున ఆయన మరణించునంతవరకు ఆ బాధ్యతను వహించెను. ప్రభువుల సభ గడప త్రొక్కుటకు అర్హతలేని రైతుకూలీల సీమనుండి పోయినవాడు, అంతకంటె పెద్ద ప్రజలసభలో ఎవరు మాటాడవలెనో ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించెను. స్వరాజ్యమన నేమియని యడిగినవారికి ఇంతకంటె స్పష్టమైన యుత్తరము మాకు తెలియదు.

కాని పీఠము మనదైనంత మాత్రమున మొర వినబడునా? హింసా నిరోధక బిల్లును 2010లో లోక్‌సభ ఆమోదించినది. రాజ్యసభ దానిని సభ్యుల సంఘమునకు అప్పగించినది. చట్టము కాకయే, 2014లో లోక్‌సభ రద్దగుటతో, అది కాలగర్భమున కలసినది. 1856లో పరుల సభ చర్చించిన విషయమును మన సభ మధ్యలో విడిచిపెట్టుట మాకు సంతోషకరముగా లేదు.

రైతు మాటయు చూడుడు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయక భూములను బీడుపెట్టిరి. మురుగు పోవు దారి లేదని, పెట్టుబడి పెరిగినదని, ధర గిట్టుబాటు కాలేదని వారి ఫిర్యాదు. పంట విరామమని దానికి పేరు. కాటను ఆనకట్ట నీరు పారు చేలలో నాట్లు పడకపోవుట మాటలు కాదు. కలము పట్టక, కాగితము పట్టక, ఖాళీ చేలతోనే వ్రాసిన అర్జీ అది. రాష్ట్ర ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన విచారణ సంఘమును నియమించినది. సంఘములు నేడును కలవు. నివేదికలు నేడును కలవు. వానిని చేతబట్టుకొని సభలో నిలిచి, పుటపుటకును జవాబు చెప్పుడని మంత్రుల నడుగువారు ఎందరని మా ప్రశ్న. ఎవరి ఓటును అక్కరలేని ప్రభువొకడు పరుల రైతుకై ఒక నివేదికను చదివి, తీర్మానము తెచ్చి, వాదింపగలిగెను. మన యోట్లతో గెలిచినవారు మన రైతుకై అంతమాత్రము చేయలేరా?

ప్రజలకును ఒక్క మాట. లోక్‌సభలో ప్రజల అర్జీలను పరిశీలించుటకు ప్రత్యేక సంఘము కలదు. నాటి కేంద్ర శాసనసభలో 1924లో ఏర్పడిన సంఘమునకు అది కొనసాగింపు. సభ్యుని ద్వారా సామాన్యుడెవడైనను తన అర్జీని సభకు చేర్పవచ్చును. ఈ హక్కును వాడుకొనువారు స్వల్పము. మనకు ఊరేగింపులు తెలియును, నినాదములు తెలియును. సంగతిని సాక్ష్యముతో, లెక్కతో, తేదీతో వ్రాసి పంపు నోపిక తగ్గినది. లక్ష్మీనరసు చెట్టికి నినాదముల సహాయము లేదు. ఆయనకున్నది వ్రాతయే. ఆ 1,440 ఉత్తరములలో పెక్కింటిని వ్రాయసగాండ్రచే వ్రాయించుకొన్నవారు చదువురాని రైతులే యని తలచుటలో పొరపాటుండదు. తమకు అక్షరము రాకున్నను, అక్షరమునకున్న బలము వారికి తెలిసియుండెను.

ఐనవిల్లి సిద్ధివినాయకస్వామి సన్నిధిని ఏటేట పరీక్షల ముందు కలములను రాశిగా పోసి పూజించి, బాలబాలికలకు పంచిపెట్టుట ఆచారముగా నున్నది. ఇది మా మనస్సునకు మిక్కిలి నచ్చిన యాచారము. ఆ కలములతో పరీక్షలు వ్రాసి ఉద్యోగములు సంపాదింపవలసినదే. వానిలో ఒక్కటైనను, తన యూరి మురుగుకాలువను గూర్చియో, ఠాణాలో దెబ్బలు తిన్న కూలివాని గూర్చియో, ఉన్నది ఉన్నట్లు వ్రాసి, పేరు పెట్టి, చట్టసభకు పంపుటకు వినియోగపడవలెనని మా కోరిక.